ఊడిన చైను వెనక నూట నలభై ఏళ్లు

మొదటి తరం సైకిళ్లకు చైను ఊడే బెడద లేదు. వాటికి అసలు చైనే లేదు. 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ తయారుచేసిన రెండు చక్రాల బండికి పెడళ్లు కూడా ఉండేవి కావు. దాని మీద కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. 1860లలో పారిస్‌లోని మిషో కార్ఖానా ముందు చక్రం ఇరుసుకే పెడళ్లు బిగించింది. ఇవాళ్టికీ చిన్నపిల్లల మూడు చక్రాల సైకిలు ఆ పద్ధతిలోనే నడుస్తుంది. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. వేగం పెరగాలంటే చక్రం పెరగాలి. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ, ఆయన బాటలో మరికొందరు 1870లలో ముందు చక్రాన్ని మనిషి గుండెల ఎత్తుకు పెంచేశారు. 54 అంగుళాల చక్రం ఒక్క తొక్కుకు 4.3 మీటర్లు పోతుంది. అంతకన్నా పెద్ద చక్రం కావాలంటే కాళ్లు అందవు. కాళ్లు పొడుగున్నవాడికి వేగం, పొట్టివాడికి నిరాశ. దారిలో రాయి తగిలితే ఎవరైనా సరే చక్రం మీదుగా ముందుకు బోర్లాపడాల్సిందే.

పెడళ్లను చక్రం నుంచి విడదీసి మధ్యలో పెట్టి, కాలి బలాన్ని వెనక చక్రానికి చేరవేస్తే ఈ బాధలన్నీ తీరతాయని చాలామందికి తోచింది. ముందు 44 పళ్ల చైన్ వీలు, వెనక 18 పళ్ల చక్రం ఉంటే పెడలు ఒక చుట్టుకు వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రమైతే బండి 5 మీటర్లు దాటి పోతుంది. లెక్క తేలికే. ఆ బలాన్ని మోసే గొలుసును తయారుచేయడమే కష్టమైంది.

గొలుసుతో చక్రాలు తిప్పే ఆలోచన పాతదే. లియొనార్డో డావిన్చీ నోటు పుస్తకాల్లో అలాంటి బొమ్మలున్నాయి. 1864లో మాంచెస్టర్‌ను ఆనుకుని ఉన్న సాల్‌ఫర్డ్‌లో జేమ్స్ స్లేటర్ యంత్రాల చైనుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ చైనులో పిన్నులు పలుచటి రేకుల రంధ్రాల్లోనే తిరిగేవి. బరువంతా రేకు అంచు మీద పడి, గుండ్రటి రంధ్రాలు కొద్దికాలానికే కోలగా అరిగిపోయేవి. స్విట్జర్లాండ్‌లోని ఆరావ్‌లో 1852లో పుట్టి, బతుకుతెరువు వెతుక్కుంటూ 1873లో మాంచెస్టర్ చేరిన హాన్స్ రెనాల్డ్ 1879లో స్లేటర్ వ్యాపారాన్ని కొన్నాడు. మరుసటి ఏడాదే ఆ లోపానికి విరుగుడు కనిపెట్టాడు. పిన్ను చుట్టూ బుష్ అనే చిన్న గొట్టం, బుష్ చుట్టూ తిరిగే ఒక రోలర్. పిన్ను ఇప్పుడు బుష్ పొడవునా ఆనుతుంది కాబట్టి బరువు ఒకచోట పడదు. పంటితో రాపిడిని రోలర్ తీసుకుంటుంది. సైకిలు నుంచి వరి నూర్పిడి యంత్రం దాకా ఇవాళ వాడే రోలర్ చైన్లన్నిటికీ మూలం 1880 నాటి ఈ నమూనాయే.

దాంతో కథ ముగియలేదు. సైకిలు మీద ఇప్పుడు కనిపించే భాగాల్లో చాలావాటి వెనక చైను మీద వచ్చిన ఒక ఫిర్యాదు ఉంది. ఒక్కో ఫిర్యాదు ఒక్కో భాగాన్ని పుట్టించింది. ఆ భాగం తన వంతుగా మరో ఫిర్యాదును వెంటబెట్టుకొచ్చింది.

మొదటి ఫిర్యాదు, చైను వదులవడం. 1879లోనే హ్యారీ లాసన్ అనే ఆంగ్లేయుడు వెనక చక్రాన్ని చైనుతో తిప్పే బండికి పేటెంటు తీసుకున్నా అది అమ్ముడుపోలేదు. 1884లో కోవెంట్రీలో హిల్‌మన్, హెర్బర్ట్ అండ్ కూపర్ సంస్థ ‘కంగారూ’ అనే సైకిలు తెచ్చింది. అందులో ముందు చక్రానికే రెండు పక్కలా రెండు చైన్లు. రెండిట్లో ఏది కాస్త వదులైనా తొక్కినప్పుడల్లా కాలికి కుదుపు తెలిసేది. మరుసటి ఏడాది, 1885లో, స్టార్లీ కుటుంబానికే చెందిన జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ను తెచ్చాడు. రెండు చక్రాలూ ఇంచుమించు సమానం, వెనక చక్రానికి ఒక్కటే చైను. ఆ సెప్టెంబర్‌లో గ్రేట్ నార్త్ రోడ్డు మీద జరిగిన పందెంలో జార్జ్ స్మిత్ రోవర్ మీద 100 మైళ్లను 7 గంటల పైచిలుకులో ముగించాడు. ఎత్తు చక్రాల సైకిళ్లకు అప్పటినుంచే రోజులు దగ్గరపడ్డాయి.

ఒక్క చైనైనా వదులవక తప్పదు. సైకిలు షాపులో ‘చైను సాగింది’ అంటారుగానీ, మనిషి తొక్కుడుకు ఉక్కు రేకు సాగదు. పిన్ను, బుష్ ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో పదహారో వంతు అరిగినా 112 కీళ్లున్న చైను మొత్తం మీద 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెనక ఫోర్కు చివర ఇరుసు కూర్చునే చోటు గుండ్రటి రంధ్రంలా కాక పొడవాటి గాడిలా ఉండేది ఇందుకే. నట్లు వదులుచేసి, చక్రాన్ని వెనక్కి లాగి, మళ్లీ బిగిస్తే చైను బిగుస్తుంది. బిగించాక చైను మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి. అంతకన్నా బిగిస్తే తొక్కుడు బరువవుతుంది, బేరింగులు త్వరగా పోతాయి. గాడి చివరిదాకా చక్రం వెళ్లిపోయినప్పుడు ‘ఒక లింకు తీసెయ్’ అనే మాట వస్తుంది. లోపలి లింకు, బయటి లింకు జంటగా తీస్తేనే చైను మళ్లీ కలుస్తుంది కనుక ఒక్కసారి కత్తిరిస్తే సరిగ్గా అంగుళం తగ్గుతుంది. అంత తగ్గడానికి చోటు లేకపోతే, అరలింకు వేసి సర్దుతారు.

చైను వదులుగా ఉందంటే ఊడుతుంది. కొత్త చైనైనా వెనక చక్రం వంకరగా బిగిసి, రెండు పళ్లచక్రాలూ ఒకే వరసలో లేకపోతే అంతే. అందుకే ఊడిన చైను ఎక్కించే ముందు అనుభవమున్న మెకానిక్ సైకిలుకు వెనగ్గా వంగి, టైరు రెండు ఫోర్కు కాళ్లకూ మధ్యన ఉందో లేదో చూస్తాడు.

రెండో ఫిర్యాదు, బురద. 1890లలో చాలా సైకిళ్లకు రోలర్ చైను బదులు బ్లాక్ చైను ఉండేది. దాంట్లో అంగుళానికొక గట్టి ఇనుప దిమ్మె ఉంటుంది. ఆ దిమ్మెల మధ్య మట్టి కూరుకుపోయేది. చైను మొత్తాన్నీ మూసేసి లోపల నూనె పోసే పెట్టెలు అందుకే వచ్చాయి. వోల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్స్టన్ చేసిన సన్‌బీమ్ సైకిళ్లు అలాంటి నూనె పెట్టెకు పేరుపడ్డాయి. చైను వానలో తడవదు, దుమ్ము అంటదు, ఎప్పుడూ నూనెలోనే ఉంటుంది. ధర మాత్రం ఎక్కువ. తర్వాతి కాలంలో నూనె పోయింది, పెట్టె మిగిలింది. మన దేశానికొచ్చిన పెద్ద నల్ల సైకిళ్ల నిండు చైన్ కవరు దాని వారసుడే. ఇక్కడ అది పంచెకట్టు వాళ్లకు, చీరకట్టుకుని తొక్కేవాళ్లకు రక్షణ అయింది. కవరు లేని సైకిలు తొక్కేటప్పుడు ప్యాంటు కాలికి క్లిప్పు పెట్టుకోవడం, పంచె ఎగ్గట్టుకోవడం అందరికీ తెలిసిన అలవాటు. నిండు కవరుకు ఒక నష్టమూ ఉంది. లోపల చైను ఎండిపోయినా, తుప్పు పట్టినా, కవరుకు తగిలి చప్పుడు చేసేదాకా బయటికి తెలియదు.

విసిగిపోయినవాళ్లు చైనునే వదిలించుకోవాలని చూశారు. అమెరికాలో పోప్ కంపెనీ 1890ల చివర ‘కొలంబియా చెయిన్‌లెస్’ అమ్మింది. అందులో పెడళ్ల దగ్గర ఒక జత, వెనక చక్రం దగ్గర ఒక జత వాలు పళ్లచక్రాలు, వాటి మధ్య ఒక ఇనుప కడ్డీ. బట్టలకు మరక అంటదు, ఊడే చైను లేదు. కానీ గట్టిగా తొక్కినప్పుడు ఫ్రేము కొద్దిగానైనా వంగుతుంది. ఆ వంపుకు వాలు పళ్ల పొందిక తప్పుతుంది. పంచరైతే వెనక చక్రం విప్పడం పెద్ద పని. పైగా ఖరీదు. కొన్నేళ్లకే అది మూలపడింది.

చైనును ఉంచుకుంటూనే అద్భుతం చేస్తానన్నవాడు విలియం సింప్సన్. త్రికోణం లింకులతో చేసిన తన ‘లీవర్ చైను’ తొక్కేవాడి బలాన్ని పెంచుతుందని చాటాడు. 1896 జూన్‌లో లండన్ శివారు క్యాట్‌ఫర్డ్‌లో పందేలు పెట్టించాడు. తూలూజ్ లోత్రెక్ అంతటి చిత్రకారుడు ఆ చైనుకు ప్రకటన పోస్టరు గీశాడు. పందేల్లో సింప్సన్ పక్షానిదే పైచేయి అయింది. అయితే ఆ విజయం చైనుది కాదు. రైడర్ల ముందు నడిచి గాలిని చీల్చే పేసర్ల జట్టు అటువైపు బలంగా ఉంది. చైను బలాన్ని చేరవేస్తుంది తప్ప పుట్టించదు. మామూలు చైను ఆ పని ఎంత బాగా చేస్తుందో వందేళ్ల తర్వాత కొలతలు చెప్పాయి. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం చేసిన పరీక్షల్లో, అనుకూలమైన స్థితిలో చైను 98.6 శాతం బలాన్ని వెనక చక్రానికి చేర్చింది. చైనును మించే ఉపాయం ఇన్నేళ్లలో నిలదొక్కుకోకపోవడానికి ఈ ఒక్క అంకె చాలు.

సైకిలు చైను ఆకాశానికీ ఎగిరింది. ఒహాయోలోని డేటన్‌లో సైకిళ్లు తయారుచేసి అమ్ముకునే రైట్ సోదరులు 1903లో విమానం కట్టినప్పుడు ఇంజను నుంచి రెండు ప్రొపెల్లర్లకూ బలాన్ని చైన్లతోనే పంపారు. ప్రొపెల్లర్లు రెండూ ఎదురెదురు దిశల్లో తిరగాలి కాబట్టి ఒక చైనును అడ్డంగా మెలిపెట్టి, గొట్టాల గుండా నడిపారు. ఆ చైన్లు ఇండియానాపొలిస్‌లో తయారయ్యాయి. ఆ నవంబర్‌లో కిట్టీ హాక్ ఇసుక దిబ్బల మీద ఇంజను పరీక్షిస్తుంటే పళ్లచక్రాలు ఇరుసుల మీద మాటిమాటికీ వదులైపోయాయి. ఎన్నిసార్లు బిగించినా ఆగలేదు. చివరికి సైకిలు టైర్లను రిమ్ముకు అతికించే బంకను కాచి మరల్లో పోసి బిగించారు. దాంతో ఆ గొడవ తీరింది. డిసెంబర్ 17న విమానం లేచింది.

మూడో ఫిర్యాదు కాళ్లది. తొలినాటి చైను సైకిళ్లలో చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరిగేవి. పల్లంలోనూ కాళ్లు ఆపడానికి లేదు. ముందు ఫోర్కుకు బిగించిన చిన్న మెట్ల మీద కాళ్లు పెట్టుకుని, పెడళ్లను వాటి మానాన తిరగనిచ్చేవారు. 1890ల చివర ఫ్రీవీలు వ్యాపించాక ఆ బాధ పోయింది. దాని లోపల స్ప్రింగుతో లేచి ఉండే నాలుకల్లాంటి ఇనుప ముక్కలుంటాయి. ముందుకు తొక్కితే అవి పళ్లను పట్టుకుంటాయి, ఆపితే పళ్ల మీదుగా జారుతాయి. తొక్కడం ఆపినప్పుడు వినిపించే టిక్‌టిక్ ఆ నాలుకలదే. వెనక్కి తొక్కి బండిని నెమ్మది చేసే సదుపాయం ఫ్రీవీలుతో పోయింది. అందుకే బ్రేకుల మీద శ్రద్ధ పెరిగింది. జర్మనీలో ఎర్న్స్ట్ సాక్స్ 1903లో తెచ్చిన ‘టార్పెడో’ హబ్బు రెండూ కలిపింది. తొక్కడం ఆపితే ఫ్రీవీలు, వెనక్కి తొక్కితే బ్రేకు.

ఫ్రీవీలు తన జబ్బును తాను తెచ్చుకుంది. పెడళ్లు గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. లోపల గ్రీజు ఎండి గట్టిపడితే నాలుకలు లేవవు, స్ప్రింగు విరిగినా లేవవు. మొదటి కారణమైతే కిరోసిన్ పోసి, బాగా తిప్పి కడిగి, పలుచటి నూనె రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది. రెండోదైతే ఫ్రీవీలు మార్చాలి.

నాలుగో ఫిర్యాదు కొండలది. ఒకే జత పళ్లచక్రాలతో చదునునేల మీద హాయిగా పోయేవాడు ఎత్తు వస్తే దిగి నడవాలి. ఇంగ్లండ్‌లో స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బు 1903లో మార్కెట్‌లోకి వచ్చింది. గేర్లన్నీ హబ్బు లోపలే, చైను కదలదు. ఫ్రాన్స్‌లో సాంతెచ్యెన్ పట్టణంలో ‘వెలోసియో’ పేరుతో సైకిలు పత్రిక నడిపిన పోల్ ద వివీ మరో దారి పట్టాడు. వెనక పళ్లచక్రాలు పక్కపక్కనే పేర్చి, చైనునే ఒకదాని మీంచి ఇంకొకదాని మీదికి తోసే పద్ధతులకు ప్రచారం చేశాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం వ్యవస్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్‌కు అది గిట్టలేదు. గేర్లు ముసలివాళ్లకేనని ఆయన నమ్మకం. దాంతో ఎన్నో ఏళ్లు పందెగాళ్లు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం విప్పి, తిప్పి, రెండో పక్కనున్న పళ్లకు చైను తగిలించుకుని ఎక్కేవారు. ఇలా చైనును పక్కకు తోసే డిరెయిలర్‌ను 1937లో గానీ ఆ పందెంలోకి రానివ్వలేదు. ఆ ఏడాది పందేన్ని రోజే లాపెబీ అనే రైడరు దానితోనే గెలిచాడు.

చైనును పడేయకుండా పళ్లు మార్పించడానికి ఇంజనీర్లు యాభై ఏళ్లు కుస్తీపట్టారు. 1984లో జపాన్ కంపెనీ షిమానో, మీట ఒక్క నొక్కుకు ఒక్క గేరు కచ్చితంగా మారే పద్ధతి తెచ్చింది. అంతవరకు చెవి, చేయి ఆనవాలుతో సర్దుకునే రైడర్లకు అది వరమే. అయితే మీట నుంచి వచ్చే తంతి కాస్త సాగితే చైను రెండు పళ్లచక్రాల మధ్య తడబడి గరగరమంటుంది. తంతి చివరి గుండ్రటి మరను పావుచుట్టు తిప్పి చూడటం గేరు సైకిలువాళ్లు నేర్చుకోవలసిన మొదటి పాఠమైంది. వెనక పళ్లచక్రాలు 5 నుంచి 12కు పెరిగినకొద్దీ వాటి మధ్య చోటు ఇరుకై, చైను సన్నబడుతూ వచ్చింది. ఒకప్పుడు దాదాపు 8 మిల్లీమీటర్ల వెడల్పున్నది, 12 చక్రాల సైకిలులో 5 మిల్లీమీటర్ల పైచిలుకే.

ఇంత చేసినా చైను ఊడటం ఆగలేదు. 2010 జూలై 19న టూర్ ద ఫ్రాన్స్‌లో పోర్ ద బాలెస్ కొండ ఎక్కుతూ, 31 సెకన్ల ఆధిక్యంలో ఉన్న ఆండీ ష్లెక్ గేరు మార్చబోతే చైను పడిపోయింది. అతను ఎక్కించుకునేలోపు ప్రత్యర్థి ఆల్బెర్తో కొంతదోర్ దూసుకుపోయాడు. ఆ రోజు ష్లెక్‌కు 39 సెకన్ల నష్టం. పందెం పారిస్ చేరేసరికి ఇద్దరి మధ్య తేడా సరిగ్గా ఆ 39 సెకన్లే. డోపింగ్ కేసులో కొంతదోర్ బిరుదు పోయి, 2012లో ష్లెక్‌ను విజేతగా ప్రకటించారు.

మన దేశంలో మొదట దిగుమతి సైకిళ్లే. ర్యాలీ, హెర్క్యులెస్, బి.ఎస్.ఎ., హంబర్ అన్నీ ఓడల్లో వచ్చినవే. 1938లో కలకత్తాలో ఇండియా సైకిల్, 1939లో బొంబాయిలో హింద్ సైకిల్స్ మొదలయ్యాయి. స్వాతంత్ర్యం తర్వాత మద్రాసు శివారు అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, అసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ, సోనీపత్‌లో అట్లాస్, లూథియానాలో ఏవన్, 1956లో హీరో వచ్చాయి. చైను మాత్రం తేలిగ్గా దారికొచ్చే వస్తువు కాదు. దానికి మంచి ఉక్కు, గట్టిపరిచే పద్ధతి, వందల ముక్కల్లో ఒక్కటీ తేడా రాని కొలత కావాలి. 1960 ప్రాంతంలో మద్రాసులో టి.ఐ. డైమండ్ చైన్ ఏర్పడింది. దాని భాగస్వామి ఇండియానాపొలిస్‌లోని డైమండ్ చైన్ కంపెనీ, రైట్ సోదరుల విమానానికి చైన్లు చేసిన సంస్థే.

తెలుగు ఊళ్లలో పాలక్యాన్లు, పేపరు కట్టలు, మంచినీళ్ల బిందెలు మోసిన సైకిళ్లకు ఒకటే గేరు. ఎంత బరువైనా ఆ ఒక్క చైనే లాగాలి. అద్దె సైకిళ్లు రోజుకొకరి కాళ్ల కింద నలిగేవి. అందుకే గంటల లెక్కన సైకిళ్లిచ్చే షాపులే మరమ్మతు విద్యకు బడులయ్యాయి. ఏడాదికో రెండేళ్లకో ‘ఓవరాయిలింగ్’ అంటే సైకిలు మొత్తం విప్పడమే. చైను కిరోసిన్ గిన్నెలో మునిగేది, బాల్సు కడిగి కొత్త గ్రీజులో కూర్చునేవి.

ఆ షాపుల మెకానిక్కులు చప్పుడు విని జబ్బు చెప్పేవారు, నాడి పట్టిన వైద్యుల్లా. దాని వెనక మంచి లెక్క ఉంది. పెడలు ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటే తేడా పెడలును పట్టుకునే క్రాంకు దగ్గర. ఎక్కువసార్లు క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్నే వదులై ఉంటుంది. ఫ్రాన్స్‌లో స్ట్రాంగ్‌లైట్ కంపెనీ 1933లోనే కాటర్ లేని క్రాంకు చేసినా, మన నల్ల సైకిలు కాటర్‌ను వదల్లేదు. పెడలు ఒక చుట్టులో రెండు మూడుసార్లు శబ్దం వస్తే ఫ్రీవీలును అనుమానించాలి. రెండున్నర చుట్లకు ఒకసారి వస్తే చైనులో ఒక లింకు బిగుసుకుపోయిందన్నమాట. 112 లింకుల చైను 44 పళ్ల మీద ఒక పూర్తి చుట్టు రావడానికి పట్టేది అంతే. పెడలును నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ చూస్తే, ఫ్రీవీలు దాటగానే నిటారుగా కాకుండా వంకరగా నిలిచే లింకు కంటికి దొరుకుతుంది. దాన్ని పక్కలకు ఆడించి నూనె వేస్తే లొంగుతుంది.

లింకు తెగి చైను కలిపేటప్పుడు పెట్టే క్లిప్పుకు ఒక నియమముంది. దాని మూసిన కొస చైను కదిలే దిశకు ఉండాలి. తిరగేసి పెడితే దారిలో ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు ఎగిరిపోతుంది.

కొత్త చైను వేసినా జారుతోందని షాపువాడిని తిట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తప్పు చైనుది కాదు. అరిగి పొడవైన పాత చైను ఫ్రీవీలు పళ్లను కూడా తన కొలతకు అరగదీసి హుక్కుల్లా వంచేస్తుంది. సరైన కొలత ఉన్న కొత్త చైను ఆ పళ్లలో కూర్చోదు, బలం పడగానే ఎగిరి దూకుతుంది. అందుకే చైను బాగా అరిగాక మారిస్తే ఫ్రీవీలు, ఒక్కోసారి చైన్ వీలు కూడా మార్చక తప్పదు.

2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ తెరిచాక వేల రూపాయల గేరు సైకిళ్లు అక్కడ తిరుగుతున్నాయి. ఊళ్లో పాలక్యాన్ల సైకిలుకైనా, ఆ ట్రాక్ మీద పోయే సైకిలుకైనా చైను పిచ్, అంటే పక్కపక్క పిన్నుల మధ్య దూరం, ఇవాళ ఒకటే, అర అంగుళం. కాబట్టి పరీక్షా ఒకటే. టేపు తీసుకుని ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు కొలవండి. కొత్త చైనైతే సరిగ్గా 12 అంగుళాలుంటుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను ఒక్కటే మార్చండి, ఫ్రీవీలు బతుకుతుంది. ఎనిమిదో వంతు దాటితే రెండిటికీ డబ్బు సిద్ధం చేసుకోండి.